ఆదివారం పులిహోర వద్దన్న మేనేజరు గారి మాట వినండి

ప్రశ్న: మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. నా వయసు 47. మావారిది ప్రైవేటు ఉద్యోగం, ఒక్కతే పాప, ఇంటర్ రెండో సంవత్సరం. 2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇంట్లోకి వచ్చినప్పుడు కొన్నాళ్లు పునరావాస కేంద్రంలో తలదాచుకున్నాం. ముక్కూమొహం తెలియనివాళ్లు తెచ్చిన అన్నం తిన్నాం. ప్యాకెట్ కోసం నేను చెయ్యి చాపుతుంటే ఎవరో కుర్రాడు వీడియో తీశాడు. అది తిరిగి తిరిగి మా బంధువుల గ్రూపులోకే వచ్చింది. ఆ బాధ అలా ఉంచితే, అన్నం పెట్టినవాళ్ల రుణం మాత్రం మనసులో ఉండిపోయింది. అందుకని మా వీధి ఆడవాళ్లం కొందరం కలిసి నిరాశ్రయుల షెల్టర్‌కు ఆదివారాలు పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్లడం మొదలుపెట్టాం. మావాళ్లు అక్కడ ఫొటోలు తీసి స్టేటస్‌లు పెట్టేవారు. ఒకరోజు మేనేజరు "అమ్మా, ఆదివారం భోజనం తేకండి. వీలైతే మామూలు రోజు ఊరికే రండి" అన్నారు. మావాళ్లకు తల కొట్టేసినట్టయింది, మానేశారు. నేనొక్కదాన్నే వెళ్తున్నాను. అక్కడ ఒక మామ్మగారు నాతో బాగా మాట్లాడేవారు. "మీ అబ్బాయి ఎందుకు చూడడు? నంబరివ్వండి, నేను అడుగుతాను" అన్నాను. ఆ రోజు నుంచి నన్ను చూస్తే మొహం గోడవైపు తిప్పేసుకుంటున్నారు. ఇంకొకాయన ఊరెళ్లాలంటే 500 ఇచ్చాను. ఆ రాత్రే తాగొచ్చి గొడవ చేశాడట. మావారు "లేనిపోని రోగాలు తెచ్చుకుంటావు, మానెయ్" అంటున్నారు. నేను అసలు అక్కడ పనికొస్తానా? పాపను కూడా తీసుకెళ్లొచ్చా?

సమాధానం: అమ్మా, మీవాళ్లందరూ మానేసినా మీరొక్కరే వెళ్తున్నారు. మీరు పనికొస్తారా అన్న ప్రశ్నకు సగం జవాబు అదే. మిగతా సగం మేనేజరు గారి మాటలో ఉంది. ఆయన భోజనం తేవద్దన్నారు, మిమ్మల్ని రమ్మన్నారు. మీ వీధివాళ్లకు మొదటి మాటే వినబడింది. నాకు రెండోది ముఖ్యమనిపిస్తోంది.

షెల్టర్‌లో ఆదివారం ఎలా గడుస్తుందో చెప్తాను. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, పెద్దల తద్దినాలు, కాలేజీ పిల్లల సేవా కార్యక్రమాలు అన్నీ ఆ రోజే పెట్టుకుంటారు, ఎందుకంటే అందరికీ సెలవు అప్పుడే. మధ్యాహ్నానికి పులిహోర రెండు చోట్ల నుంచి, బిర్యానీ ఒక చోట నుంచి, సాంబారన్నం ఇంకో చోట నుంచి వస్తాయి. పెట్టేవాళ్లు ఎదురుగా నిలబడి ఉంటారు కాబట్టి షుగరున్న ముసలివాళ్లు కూడా మొహమాటానికి అన్నీ తింటారు. కొందరు రాత్రికని దిండు కింద దాచుకుంటారు. మన ఏప్రిల్ ఎండలకు అది సాయంత్రానికే పాడైపోతుంది. మర్నాడు విరేచనాలు. ఆ పక్కలు ఉతికేది, బాత్రూములు కడిగేది ఒకరో ఇద్దరో కేర్‌టేకర్లు. బుధవారం వెళ్లి చూడండి, గుమ్మంలో ఒక్క మనిషి ఉండడు.

పైగా, కాళ్లూచేతులూ ఆడే మనిషికి విజయవాడలో ఒక పూట తిండి దొరకడం మరీ కష్టం కాదు. అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టు నుంచి మళ్లీ తెరిచారు, పూటకు 5 రూపాయలు. కొండమీద అమ్మవారి అన్నదానం ఉంది. మరి ఆ షెల్టర్‌లో కొరతగా ఉండేది ఏమిటంటే, వాళ్ల పని మీద వాళ్లతో పాటు బయటికి వచ్చే మనిషి. చదవగలిగి, కౌంటర్లో ఉన్నవాళ్లతో మాట్లాడగలిగి, రెండు గంటలు లైన్లో నిలబడే ఓపిక ఉన్న మనిషి. అది మీరే కావచ్చు.

మీరు ఆదివారం మధ్యాహ్నం చూస్తున్నది ఎక్కువగా ముసలివాళ్లను, ఒంట్లో బాగాలేనివాళ్లను. మిగతావాళ్లు పనికి పోయి ఉంటారు. కాళేశ్వరరావు మార్కెట్లో మూటలు మోసేవాళ్లు, పెళ్లిళ్లలో వడ్డనకు వెళ్లే క్యాటరింగ్ కుర్రాళ్లు, ఆటోనగర్ షెడ్లలో చేసేవాళ్లు, హోటళ్లలో గిన్నెలు కడిగే ఆడవాళ్లు, చిత్తుకాగితాలు ఏరేవాళ్లు. అటు గుంటూరులో మిర్చి యార్డు సీజనుకు వచ్చి ఉండిపోయినవాళ్లు కనిపిస్తారు. రోజంతా కష్టపడతారు, అద్దె గదికి అడ్వాన్సు కట్టేంత మాత్రం ఎప్పుడూ మిగలదు. వీళ్లకు షెల్టర్ అనేది ఎవరో పెట్టిన బిచ్చం కాదు. 2010లో ఆహార హక్కు కేసు విచారణలో సుప్రీంకోర్టు నగరాల్లో నిరాశ్రయులకు షెల్టర్లు ఏర్పాటు చేయాలని ఆదేశించింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనల్లో లక్ష జనాభాకు కనీసం 100 మందికి సరిపడే వసతి ఉండాలని, అది 24 గంటలూ తెరిచి ఉండాలని, మనిషికి 50 చదరపు అడుగుల చోటుండాలని రాశారు. 2011 లెక్కల నాటికే పది లక్షలు దాటిన మన ఊరికి ఆ ప్రకారం వెయ్యిమందికి చోటు ఉండాలి. మన దగ్గర కార్పొరేషన్, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కలిసి వీటిని స్వచ్ఛంద సంస్థల చేత నడిపిస్తుంటాయి. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అక్కడున్నవాళ్లు తమకు రావలసిన చోటులో ఉన్నారు. మీరు వాళ్లింటికి వెళ్తున్నారు. గుమ్మం దగ్గర ఆగి "లోపలికి రావచ్చా" అని అడిగి వెళ్లండి. మంచం మీద వాళ్లు రమ్మంటేనే కూర్చోండి. పేరు తెలుసుకుని, పేరుకు గారు చేర్చి పిలవండి. ఎన్నో ఏళ్లుగా "ఏయ్ ముసలీ", "లేవరా" తప్ప వేరే పిలుపు వినని మనుషులు అక్కడ ఉంటారమ్మా.

ఇక చేయాల్సిన పని. వారంలో ఒక రోజు, ఒక టైము పెట్టుకోండి. బుధవారం పదింటికి అంటే ప్రతి బుధవారం పదింటికే. రాలేకపోతే ముందు రోజే ఫోన్ చేసి చెప్పండి. మాటిచ్చి రానివాళ్లను అక్కడివాళ్లు జీవితమంతా చూశారు, ఆ జాబితాలో మీరు చేరకూడదు. నెలకొకసారే వీలైతే నెలకొకసారే చెప్పండి, అది మాత్రం తప్పొద్దు.

వెళ్లిన రోజున మేనేజరు గారిని "ఈ వారం ఎవరి కాగితాల పని ఆగింది?" అని అడగండి. ఎక్కువ భాగం ఆధార్ దగ్గరే ఆగిపోతుంది. రైల్లోనో, ప్లాట్‌ఫారం మీదో సంచీ పోతుంది, దానితో పాటే కార్డూ పోతుంది. కార్డు లేక పింఛను లేదు, బ్యాంకు ఖాతా లేదు, ఆసుపత్రిలో పెద్ద ఆపరేషన్ అంటే ఎన్టీఆర్ వైద్య సేవ కూడా అందదు. చాలామంది సహాయకులు ఇక్కడే తొందరపడి కొత్త ఆధార్‌కు పెట్టిస్తారు. ఆ మనిషికి ఇదివరకే నంబరు ఉంటే వేలిముద్రలు పాతవాటితో కలిసి కొత్త దరఖాస్తు తిరస్కరణ అవుతుంది. గుంటూరులో ఒక మిర్చి యార్డు హమాలీకి ఇలాగే జరిగితే, ఆయన "నా పేరు మీద ఏదో కేసుంది, అందుకే ఇవ్వట్లేదు" అని భయపడిపోయి ఆఫీసుల వైపు వెళ్లడమే మానేశాడు. చివరికి ఒక రిటైర్డ్ గుమాస్తా ఆయన్ని వెంటపెట్టుకుని ఆధార్ కేంద్రానికి వెళ్లి, వేలిముద్రతో పాత నంబరు వెతికించాడు. కార్డు చేతికొచ్చింది. కాబట్టి "ఇదివరకు ఎప్పుడైనా తీయించుకున్నారా? వేళ్లు పెట్టినట్టు, కళ్లు ఫొటో తీసినట్టు గుర్తుందా?" అని ముందు నెమ్మదిగా అడగండి. నిజంగానే ఎన్నడూ తీయించుకోని వాళ్లయితే, గుర్తింపు పొందిన షెల్టర్ నిర్వాహకులు నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం చిరునామాకు పనికొస్తుంది.

ఆధార్ చేతికొస్తే తర్వాతిది పింఛను. 60 దాటిన అర్హులకు 2024 జూలై నుంచి నెలకు 4,000 ఇస్తున్నారు. కొందరికి సొంత ఊళ్లో పింఛను ఉంటుంది కానీ ఒకటో తారీఖున ఇంటికి తెచ్చిచ్చేటప్పుడు మనిషి అక్కడ ఉండరు. దాన్ని ఇక్కడికి మార్చుకునే వీలు గురించి వార్డు సచివాలయంలో అడగాలి. ఒక్కరే వెళ్తే "రేపు రా" అంటారు. పక్కన మీలాంటి మనిషి కూర్చుని ఉంటే ఆ రేపు కొంచెం త్వరగా వస్తుంది. అలా ఉండకూడదు, కానీ ఉంది.

ఓటు సంగతి చాలామందికి తెలియదు. ఇల్లు లేనివాళ్లు ఫారం 6 పెట్టుకుంటే చిరునామా కాగితం అక్కర్లేదు. వాళ్లు పడుకుంటామని చెప్పిన చోటికి బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి, నిజంగా అక్కడే పడుకుంటున్నారో లేదో చూసుకుని నమోదు చేస్తారు. ఓటు కార్డు చేతికొచ్చాక కొందరి నడకే మారుతుంది.

ఆసుపత్రి తోడు ఇంకా పెద్ద సాయం. ప్రభుత్వాసుపత్రిలో వైద్యం ఉచితమే, కానీ దానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు జబ్బు పడటానికి, ఇంకొకరు ఓపీ చీటీ తేవడానికి, రక్తపరీక్ష గదెక్కడో కనుక్కోవడానికి, మందుల కిటికీ దగ్గర నిలబడటానికి. ఆ రెండో మనిషి లేకే ఎంతోమంది కాలి పుండు పెట్టుకుని షెల్టర్‌లోనే కూర్చుంటారు. షుగరున్న మనిషికి పుండు నిర్లక్ష్యం చేస్తే కాలే పోతుంది. మీరు నెలకొక మనిషిని తీసుకెళ్లి, డాక్టరు చెప్పింది అర్థమయ్యేలా విడమర్చి చెప్పి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కవరు మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీసి ఇస్తే చాలు. అన్నదానం కంటే ఇది తక్కువ పుణ్యమని మీవారికి అనిపిస్తే ఒకసారి ఆయన్నే ఆ లైన్లో నిలబడమనండి.

ఏదైనా పట్టుకెళ్లాలని ఉంటే అడిగి పట్టుకెళ్లండి. షెల్టర్లకు పాత చీరలు మూటలకొద్దీ వస్తాయి, లంగాలు, జాకెట్లు రావు. లోదుస్తులు ఎవరికీ గుర్తుండవు. నైటీలు, లుంగీలు, హవాయి చెప్పులు, కొబ్బరినూనె, సబ్బులు, గడ్డం బ్లేళ్లు, శానిటరీ ప్యాడ్లు, దోమల చక్రాలు, సామాను పెట్టుకునే పెట్టెకు చిన్న తాళంకప్ప, ఇవి అవసరం. కళ్లజోళ్లు మరీను. దగ్గరివి కనబడక రోజంతా గోడను చూస్తూ కూర్చునే మనిషి, జోడు పెట్టించాక పేపరు అడిగి తీసుకోవడం నేను చూశాను.

మామ్మగారి విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఇదే. మీరు ప్రేమతోనే అడిగారు. కానీ ఆవిడకు వినబడింది వేరు. కొడుకు చూడట్లేదన్న మాట బయటివాళ్ల నోట రావడమే ఒక తల్లికి పెద్ద అవమానం. "మావాడు మంచోడే, రోజులు బాగోలేదు" అని ఆవిడ తనకు తాను చెప్పుకుని బతుకుతూ ఉండవచ్చు. మీరు ఫోన్ చేస్తే ఆ మాట నిజం కాదని తేలిపోతుంది. లేదా కొడుకు వచ్చి తీసుకెళ్లి, మళ్లీ అదే వరండాలో పడేస్తాడని భయం కావచ్చు. ఇల్లు రాయించుకుని బయటికి పంపి ఉండవచ్చు. ఇల్లొదిలి తనంతట తానే వచ్చేసి కూడా ఉండవచ్చు, అలాంటి ఆడవాళ్లూ ఉంటారు, దెబ్బలకు తట్టుకోలేక. ఇవేవీ మనకు తెలియవు, తెలుసుకునే హక్కూ మనకు లేదు.

ఇప్పుడు చేయగలిగింది ఒకటే. ఈసారి వెళ్లినప్పుడు ఆవిడ పక్కన కాదు, కాస్త దూరంగా కూర్చుని, "మామ్మగారూ, ఆరోజు నేను అడక్కూడనిది అడిగాను. ఇంక అడగను" అని చెప్పండి. అంతే. బతిమాలొద్దు, పండ్లు చేతిలో పెట్టొద్దు, అక్కడే తిష్ఠ వేయొద్దు. లేచి వేరే పని చూసుకోండి. తర్వాతి వారం మళ్లీ కనబడండి. వత్తులు చేయడమో, మల్లెపూలు కట్టడమో ఆవిడకు వస్తే "నాకు నేర్పిస్తారా" అని అడగండి. మనం ఎప్పుడూ ఇచ్చేవాళ్లం, వాళ్లు ఎప్పుడూ పుచ్చుకునేవాళ్లు అన్న పద్ధతిలో స్నేహం కుదరదు. ఆవిడ మీకేదైనా ఇవ్వగలగాలి.

ఆవిడే ఎప్పుడైనా నోరు తెరిచి కొడుకు గురించి చెప్పి, ఏమైనా దారుందా అని అడిగితే అప్పుడు చెప్పండి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు, నెలకు 10,000 వరకు భరణం ఇప్పించవచ్చు. తమను చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, తర్వాత పిల్లలు చూడకపోతే ఆ రాతను రద్దు చేయమని 23వ సెక్షన్ కింద అడగవచ్చు. పెద్దవాళ్ల కోసం 14567 అనే ఉచిత హెల్ప్‌లైన్ ఉంది. ఆ నంబరు ఒక కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి షెల్టర్ గోడకు అతికించమని మేనేజరు గారికి చెప్పండి. ఆవిడకు ప్రత్యేకంగా చూపించకండి.

ఫొటోల గురించి మీరు నన్ను అడగలేదు, కానీ జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. వరదల్లో చెయ్యి చాపిన వీడియో బంధువుల గ్రూపులో చూసుకున్నప్పుడు మీకేమనిపించిందో మీ వీధివాళ్లకు చెప్పారా? చెప్పండి. వాళ్లలో కొందరు కూడా అదే నీళ్లలో నిలబడ్డవాళ్లే కదా. షెల్టర్‌లో ఉన్న చాలామందికి ఊళ్లో చుట్టాలున్నారు. "విజయవాడలో పని చేసుకుంటున్నా" అని చెప్పి వచ్చినవాళ్లు, భర్త కంటబడకూడదని దాక్కున్న ఆడవాళ్లు ఉంటారు. ఒక స్టేటస్ వాళ్లను అక్కడి నుంచి కూడా వెళ్లగొట్టగలదు. మేనేజరు గారు భోజనాలు వద్దనడానికి ఇదీ ఒక కారణమేమో. మీవాళ్లు ఫోన్లు బ్యాగుల్లో పెట్టుకుని వస్తామంటే మళ్లీ పిలవండి, కానీ ఒకేసారి ఇద్దరికి మించి వద్దు. వారానికి ఇద్దరు చొప్పున వంతులేసుకుంటే నెలలో ఒక్క బుధవారం కూడా ఖాళీ పోదు.

డబ్బు చేతికివ్వకండి. ఊరెళ్లాలంటే మేనేజరు గారితో చెప్పి, ఊళ్లో ఎవరైనా ఉన్నారేమో ఫోన్ చేయించి, టిక్కెట్టు కొనివ్వండి. ఆ తాగొచ్చిన ఆయన్ని తిట్టొద్దు, నీతులు చెప్పొద్దు, "ఈ రోజు నుంచి మానేస్తానని ఒట్టెయ్" అని అస్సలు అనొద్దు. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతిభ్రమణం లాంటిది రావచ్చు, ప్రాణం మీదికి కూడా వస్తుంది. మానేది డాక్టరు చూస్తుండగానే. ఎవరైనా తనలో తానే మాట్లాడుకుంటూ, తిండి మానేసి ఉంటే 14416 కు ఫోన్ చేసి సలహా అడగవచ్చు, అది ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ నంబరు.

మీవారి భయం మరీ కొట్టిపారేసేది కాదు. ఆయన చెప్పేదాంట్లో టీబీ ఒక్కటి నిజంగా జాగ్రత్త పడాల్సింది. రెండు వారాలు దాటి దగ్గుతున్నవాళ్లు కనిపిస్తే కళ్లె పరీక్షకు పంపించండి, పరీక్షా మందులూ ఉచితం, మందులు వాడుతున్నన్నాళ్లూ పోషకాహారానికి నెలకు 1,000 ఖాతాలో వేస్తారు. ఖాతా కావాలంటే మళ్లీ ఆధార్ దగ్గరికే వస్తాం, చూశారా. గాలి ఆడే చోట కూర్చోండి, దగ్గేవాళ్ల దగ్గర మాస్కు పెట్టుకోండి, ఇంటికొచ్చాక చేతులు కడుక్కోండి. సిటీబస్సులో పడే జాగ్రత్త కంటే ఎక్కువేమీ కాదు. ఆయన్ని ఒప్పించాలని వాదనకు దిగకండి. ఒక బుధవారం ఆసుపత్రికి మిమ్మల్ని బండి మీద దింపమనండి.

షెల్టర్‌లో మనుషులు కలిసి బతకడం గురించి కూడా ఒక మాట. అక్కడ రోజూ గొడవలుంటాయి. ఫ్యాన్ కింద చోటెవరిది, టీవీలో ఏ చానల్, రాత్రి పదకొండింటికి బీడీ ఎవరు కాల్చారు. మీరు వీటిలో తీర్పరి కావద్దు. నెలకొకసారి అందరూ కూర్చుని తమ సంగతులు తామే తేల్చుకునే సమావేశం జరిగేలా మేనేజరు గారికి సాయం చేయండి. సంక్రాంతికి ముగ్గు, ఉగాదికి పచ్చడి వాళ్ల చేతే చేయించండి. క్యాటరింగ్‌లో వందలమందికి వడ్డించిన మనిషి అక్కడే ఉంటాడు. వంటకు సరుకులు మీరు తెస్తే వండేది ఆయన, తినేది మీరు. మీ వీధివాళ్లను ఆ రోజు పిలవండి, అతిథులుగా.

పాపను తప్పకుండా తీసుకెళ్లండి, కానీ పరీక్షలయ్యాక, ఆడవాళ్ల షెల్టర్‌కు మాత్రమే, మేనేజరు గారికి ముందే చెప్పి. పద్దెనిమిది నిండేదాకా ఒంటరిగా పంపకండి, తన ఫోన్ నంబరు ఎవరికీ ఇవ్వొద్దని చెప్పండి. "వాళ్లను చూసైనా బుద్ధి తెచ్చుకుని చదువుకో" అని మాత్రం ఆ పిల్లతో అనకండి, ఎవరి కష్టమూ మన పిల్లలకు పాఠం కోసం లేదు. పనిమీద తీసుకెళ్లండి. ఫారాలు నింపడం, మందుల కవర్ల మీద బొమ్మలు గీయడం, ఎండలు ముదిరాక నీళ్లకుండలు నింపి ఓఆర్‌ఎస్ కలిపి పెట్టడం తను చేయగలదు. ఏప్రిల్, మే నెలల్లో దాతలు ఊళ్లకు పోతారు, సేవకు వచ్చే కాలేజీ పిల్లలు సెలవుల్లో ఉంటారు. మేనేజరు గారికి మనుషులు తక్కువపడేది అప్పుడే. ఆ రెండు నెలలకు మీ ఇద్దరి పేర్లూ ఇప్పుడే చెప్పి ఉంచండి.